గాలికి ఎదురెళ్లే దారి: ఐర్లాండ్ డింగిల్ సైకిల్ టూర్ రివ్యూ

నమస్తే అండి. ఇవాళ రివ్యూ ఒక దారిది. ఐర్లాండ్ నైరుతి మూలన, కెర్రీ కౌంటీలో, అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన డింగిల్ ద్వీపకల్పం. దాని పడమటి కొస చుట్టూ తిరిగే స్లే హెడ్ డ్రైవ్, ఆ తర్వాత కానర్ పాస్ కనుమ. సైకిల్‌కి సామాను కట్టుకుని టూర్ వెళ్లేవాళ్లకి ఇది ఎలా ఉంటుంది, ఎటు నుంచి తొక్కాలి, ఎక్కడ ఆగాలి అన్నది చెప్తాను.

నా మాట ముందే చెప్పేస్తాను. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కాకపోతే స్లే హెడ్‌కి ఒక పూట చాలని ఎవరైనా అంటే నమ్మకండి. లూప్ మొత్తం దాదాపు 47 కిలోమీటర్లు, డింగిల్ ఊళ్లో మొదలై డింగిల్‌లోనే ముగుస్తుంది. కాళ్లలో బలం ఉన్నవాళ్లు రెండు మూడు గంటల్లో చుట్టేయగలరు. అలా చుట్టేస్తే అంత దూరం వెళ్లి చూసిందేమీ ఉండదు. దీనికి ఒక నిండు రోజు ఇవ్వాలి.

ముందు చేరుకోవడం గురించి. ట్రలీ దాకా రైలు ఉంది. సైకిల్‌ని ఎక్కించాలంటే దానికీ ముందే బుక్ చేసుకోవాలి. ట్రలీ నుంచి డింగిల్‌కి ఎన్86 రోడ్డు మీద సుమారు 50 కిలోమీటర్లు. ఇది మెయిన్ రోడ్డు, ట్రాఫిక్ ఉంటుంది, ఆగి చూడాల్సినవి తక్కువ. కానీ దారిలో అనస్కాల్ అనే చిన్న ఊరు వస్తుంది, అక్కడ మాత్రం ఆగండి. అంటార్కిటికా యాత్రికుడు టామ్ క్రీన్ ఊరు అది. 1912లో తోటి అధికారి ఒకరు స్కర్వీతో (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) కదల్లేక పడిపోతే, సాయం తేవడానికి క్రీన్ మంచులో ఒంటరిగా 56 కిలోమీటర్లు నడిచాడు. చేతిలో ఉన్న తిండల్లా మూడు బిస్కెట్లు, రెండు చాక్లెట్ ముక్కలు. తర్వాత ఊరికి తిరిగొచ్చి సౌత్ పోల్ ఇన్ అని ఒక పబ్ పెట్టుకున్నాడు. అది ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి డింగిల్ వైపు ఎదురుగాలిలో తొక్కుతున్నప్పుడు ఆయన గుర్తొస్తే నిజంగానే కాళ్లకి కాస్త ఓపిక వస్తుంది.

ఇక అసలు సంగతి, గాలి. ఈ రూట్ గురించి అడిగేవాళ్లందరూ ఎక్కుడు ఎంత ఉంటుందనే అడుగుతారు. ఎక్కుళ్లు ఉన్నాయి, గేర్ తగ్గించుకుంటే ఎక్కేస్తాం. గాలికి అలా కుదరదు. ఈ తీరం మీద గాలి ఎక్కువగా నైరుతి నుంచో పడమర నుంచో వస్తుంది, మధ్యలో ఎక్కడా అడ్డులేదు, సముద్రం దాటి నేరుగా మొహాన కొడుతుంది. మీరు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి, ఎదురుగా గంటకి 30 కిలోమీటర్ల గాలి ఉంటే మీకు తగిలేది 50 కిలోమీటర్ల గాలి. గాలి లేని రోజుతో పోలిస్తే నిరోధం ఆరు రెట్లకు పైనే, ఎందుకంటే అది వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. పక్కగాలి వస్తే సైకిల్‌కి రెండు వైపులా కట్టిన బ్యాగులు తెరచాప పని చేస్తాయి. రోడ్డు పక్క గోడ ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది, గోడ మధ్యలో గేటు సందు రాగానే సైకిల్ ఒక్కసారిగా రోడ్డు మధ్యకి జరుగుతుంది. కాబట్టి వాతావరణ సూచనలో ముందు గాలి దిశ, వేగం చూడండి. వాన సంగతి తర్వాత. అక్కడ వాన పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది, మంచి రెయిన్ జాకెట్ ఉంటే దాన్ని తట్టుకోవచ్చు.

లూప్‌ని గడియారం ముల్లు తిరిగే దిశలోనే తొక్కండి. టూరిస్టు బస్సులకి కూడా ఇదే దిశ చెప్తారు, అందుకని ఇరుకు మలుపులో ఎదురుగా పెద్ద బస్సు వచ్చే బెడద తగ్గుతుంది. ఐర్లాండ్‌లోనూ మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి సముద్రం మీ పక్కనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎదురుగాలి మొదటి సగంలోనే, కాళ్లు అలిసిపోకముందే అయిపోతుంది. తిరుగుదారిలో అదే గాలి వీపు తడుతుంది. ఇందులో ఇబ్బంది ఒక్కటే, వెనకనుంచి వచ్చే వాహనాలు. వేసవి మధ్యాహ్నం అయితే మీ వెనక కార్ల వరస పడుతుంది. పొద్దున్నే బయల్దేరండి, లేదంటే సాయంత్రం. జూన్‌లో అక్కడ రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది. బస్సులన్నీ వెళ్లిపోయాక ఆ రోడ్డు మీద తొక్కడం వేరే అనుభవం.

వెంట్రీ దాకా దారి సులువు, పెద్దగా చెప్పుకోవడానికి లేదు. ఫాహన్ దగ్గర్నుంచి రోడ్డు సన్నబడుతుంది. కుడి పక్క మౌంట్ ఈగల్ వాలు, ఎడమ పక్క రాతిగోడ, గోడ అవతల కింద సముద్రం. ఇక్కడే డన్‌బెగ్ అనే పురాతన కోట కొండచరియ అంచున ఉంది. తుఫానులకి చరియ కోసుకుపోతూ, 2014లోనూ 2017లోనూ కోటలో కొంత భాగం సముద్రంలో పడిపోయింది. పైన కొండ వాలు మీద గుండ్రటి రాతి గుడిసెలు కనిపిస్తాయి. సున్నం లేదు, మట్టి లేదు, ఒక్కో వరస రాయినీ కాస్త లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి పైన మూసేశారు.

దారిలో తర్వాతి ముక్క దగ్గర జాగ్రత్త. కొండ మీంచి దిగిన వాగు రోడ్డు మీదుగానే పారి సముద్రం వైపు వెళ్తుంది, వంతెన లేదు. ఎప్పుడూ తడిగా ఉండే చోటు, సన్నటి టైరు ఇట్టే జారుతుంది. వేగం ముందే తగ్గించేసుకోవాలి. నీళ్లలోకి దిగాక హ్యాండిల్ తిన్నగా ఉంచి, బ్రేక్ ముట్టుకోకుండా, తేలిక గేర్‌లో పెడల్ ఆపకుండా దాటాలి. ముందు రాత్రి గట్టి వాన పడితే దిగి నడిపించుకు వెళ్లండి. అవతల గట్టెక్కగానే రెండు బ్రేకులూ ఒకసారి నొక్కి తడి పోగొట్టండి, ముఖ్యంగా రిమ్ బ్రేకులు (చక్రం అంచుని పట్టేవి) ఉన్నవాళ్లు.

స్లే హెడ్ మలుపు తిరిగాక బ్లాస్కెట్ దీవులు ఎదురవుతాయి. కింద కుమినూల్ బీచ్, దాని పక్కన డన్‌మోర్ హెడ్. ఐర్లాండ్ ప్రధాన భూభాగానికి పడమటి చివర అదే. బీచ్‌లో ప్రవాహాలు ప్రమాదం, ఈతకి దిగొద్దు. ఆ తర్వాత వచ్చే డన్‌క్విన్ ఊరి రేవుకి దిగే కాలిబాట ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది, నిలువు వాలుతో మెలికలు తిరుగుతుంది. సైకిల్ పైనే తాళం వేసి నడిచి వెళ్లండి.

ఈ లూప్‌లో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది డన్‌క్విన్‌కే అంటాను. ఎదురుగా కనిపించే గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో ఒకప్పుడు జనం ఉండేవాళ్లు. యువతరం వలస వెళ్లిపోయి, తుఫానులొస్తే వారాల తరబడి రాకపోకలు తెగిపోయే పరిస్థితిలో, 1953లో ప్రభుత్వం మిగిలినవాళ్లని ఇవతలి ఒడ్డుకి తరలించింది. అంత చిన్న దీవి నుంచి ఐరిష్ భాషలో గొప్ప సాహిత్యం వచ్చింది, పేగ్ సేయర్స్ వంటి కథకులు అక్కడ బతికినవాళ్లే. డన్‌క్విన్‌లో ఆ దీవివాళ్ల జీవితాన్ని చూపించే బ్లాస్కెట్ సెంటర్ ఉంది, దాన్ని చూడకుండా ముందుకి పోకండి. ఇదంతా ఐరిష్ మాట్లాడే ప్రాంతం, బోర్డుల మీద ఊళ్ల పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి. మీ మ్యాప్‌లో రెండు పేర్లూ ఉండేలా చూసుకోండి.

తిరుగుదారిలో బాలీఫెరిటర్ దాటాక గ్యాలరస్ ఆరటరీ వస్తుంది. బోర్లించిన పడవలా ఉండే చిన్న రాతి ప్రార్థనాలయం. రాళ్లని బయటి వైపుకి కొంచెం వాలుగా పేర్చారు, అందుకే వాన నీళ్లు లోపలికి దిగవు. వాన వచ్చిన రోజు చూస్తే ఆ పనితనం ఇంకా బాగా తెలుస్తుంది.

కానర్ పాస్‌కి వేరే రోజు పెట్టుకోండి. ఎత్తు 400 మీటర్ల పైమాటే. డింగిల్ వైపు రోడ్డు వెడల్పుగా ఉంటుంది, ఎక్కుడు ఒకే తీరుగా సాగుతుంది. ఉత్తరం వైపు రాతి చరియ కింద ఒక్క బండి పట్టేంత ఇరుకు. రెండు టన్నులు దాటిన వాహనాలకి ఈ కనుమలో ప్రవేశం లేదు, అంటే లారీలు, టూరిస్టు బస్సులు ఉండవు. సైకిల్‌కి ఇంతకంటే ఏం కావాలి! సామానుతో వెళ్లేవాళ్లు డింగిల్ నుంచి ఎక్కి, ఉత్తరానికి నెమ్మదిగా దిగి, కాసిల్‌గ్రెగరీ మీదుగా ట్రలీ చేరుకోండి. మళ్లీ ఎన్86 మొత్తం తొక్కే పని తప్పుతుంది. పైన మబ్బు కమ్మి ఉంటే మాత్రం ఆ రోజు వద్దు, కార్లకి మీరు కనిపించరు.

సైకిల్ విషయానికొస్తే, బ్యాగులతో వెళ్లేవాళ్లకి ముందు పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద పళ్లచక్రానికి 34 పళ్లు అన్నది కనీసం. ఇంకా తేలిక గేర్ ఉంటే ఇంకా మంచిది. టైరు 32 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. సముద్రపు ఉప్పుకి చైన్ త్వరగా తుప్పు పడుతుంది, రోజూ సాయంత్రం మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆయిల్ వేయండి. వేసవిలో రోడ్డు పక్క ఫ్యూషియా పూలపొదల కంచెలు ఎర్రగా పూసి ఎంత బాగుంటాయో చెప్పలేను. అవే కంచెలు మలుపుల్లో మిమ్మల్ని కప్పేస్తాయి కూడా, పగలైనా వెనక లైటు వేసుకోండి. రోడ్డు మీద కార్ల మధ్య తొక్కే అలవాటు లేని పిల్లల్ని ఈ రూట్‌కి తీసుకెళ్లొద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకుంటే హాయిగా తిరగొచ్చు.

డింగిల్‌లో మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఒక రోజు స్లే హెడ్, ఒక రోజు ఖాళీ, ఆ తర్వాత కనుమ దాటి వెళ్లిపోవడం. ఖాళీ రోజు ఎందుకంటే గ్రేట్ బ్లాస్కెట్‌కి పడవ సముద్రం ఒప్పుకుంటేనే కదులుతుంది. గాలి ఎక్కువున్న రోజు పడవా ఉండదు, స్లే హెడ్ తొక్కడమూ కష్టమే, ఆ రోజు బ్లాస్కెట్ సెంటర్‌కి బస్సులోనో ట్యాక్సీలోనో వెళ్లొచ్చి, సైకిల్‌ని మర్నాటికి సిద్ధం చేసుకోండి.