గోదావరి పెద్దది, పొయ్యి పాతది

[పెరంబూరులో వంటిల్లు. స్టవ్ మీద చిన్న గిన్నె, పక్కన పెద్ద డేగిసా.]

నమస్తే అండీ. ఈ వీడియో మెరీనాలో తీద్దామనుకున్నాం. మైకులో గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. అందుకే మా వంటింటికి వచ్చేశాం.

మొన్న ఇక్కడ చెన్నైలోనే, మన తెలుగువాళ్ల క్విజ్‌లో అడిగారు: "మన దేశంలో కట్టిన మొదటి ఫ్రిగేట్ ఏది?" ఫ్రిగేట్ అంటే ఒక రకం యుద్ధనౌక. జవాబు ఐఎన్ఎస్ గోదావరి అట! చప్పట్లు కూడా పడ్డాయి. మన నది పేరు కాబట్టి నాకూ ముద్దే, కానీ తప్పు తప్పే కదా. ఇక్కడ కట్టిన మొదటిది నీలగిరి, 1972లోనే నౌకాదళంలో చేరింది. కాకపోతే దాని డిజైన్ బ్రిటిష్‌వాళ్ల లియాండర్ రకం ఫ్రిగేట్‌ది. మనవాళ్లే డిజైన్ చేసుకున్న మొదటి ఫ్రిగేట్ గోదావరి, 1983 డిసెంబర్ 10న చేరింది. రెండూ ముంబై మజగావ్ డాక్‌లో పుట్టినవే.

[చిన్న గిన్నె చూపిస్తూ]

ఇది నీలగిరి అనుకోండి. పక్కింటావిడ రాసిచ్చిన కొలతలతో నలుగురికి వండిన పప్పుచారు. ఇవాళేమో పదిమంది వస్తున్నారు. పొయ్యి మార్చే వీల్లేదు. ఏం చేస్తాం?

[డేగిసా ఎక్కిస్తూ. స్టవ్ కిర్రుమంటుంది.]

ఇదిగో, గోదావరికీ ఇదే చేశారు. పొయ్యి అంటే ఇంజన్: నీలగిరిలోని అదే 30,000 హార్స్‌పవర్ ఆవిరి టర్బైన్ల మీద 113 మీటర్ల ఓడకు బదులు 126 మీటర్ల ఓడ పెట్టారు. వేగం పడిపోదా అంటే, పెద్దగా పడలేదు. సుమారు 27 నాట్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. నీళ్లలో ఉండే భాగం ఆకారం అంత బాగా కుదిరింది.

అంత పెద్ద డేగిసా ఎందుకంటే, చుట్టాలు రెండు సీ కింగ్ హెలికాప్టర్లు మరి! నీలగిరిలో పట్టింది ఒక్క చిన్న హెలికాప్టరే.

ఇక మసాలా. క్షిపణులు సోవియట్‌వి, రాడార్లలో కొన్ని డచ్‌వి, యుద్ధ సమాచారాన్ని కలిపే కంప్యూటర్ ఇటలీది. గుంటూరు కారం, ఇక్కడి సాంబారు పొడి, పక్కింటి గుజరాతీవాళ్ల బెల్లం ఒకే డేగిసాలో పడ్డాయన్నమాట. విరిగిపోకుండా దించారు చూడండి, నన్నడిగితే అసలు గొప్ప అక్కడుంది. క్విజ్‌లో ఇది అడగరే!

గోదావరి 1986 జూలైలో న్యూయార్క్ వెళ్లింది, లిబర్టీ విగ్రహం నూరేళ్ల పండక్కి. 1988 నవంబర్‌లో ఆస్ట్రేలియా నుంచి తిరిగొస్తుంటే కబురొచ్చింది: మాల్దీవుల్లో తిరుగుబాటు. దాడి చేసినవాళ్లు బందీలతో ప్రోగ్రెస్ లైట్ అనే సరుకు ఓడలో శ్రీలంక వైపు పారిపోతున్నారు. గోదావరి, మన ఇంకో యుద్ధనౌక బెత్వా వెంటపడ్డాయి. మాటలతో వినలేదు, కాల్పులతో ఆపారు. మన కమాండోలు ఆ ఓడెక్కి బతికున్న బందీలను విడిపించారు.

[కుక్కర్ కూత]

అయ్యో, మూడోది! గబగబా చెప్పేస్తాను. 1994లో సోమాలియా వెళ్లింది, అక్కడి మన సైనికులను వెనక్కి తెచ్చే పనికి. తర్వాత ఇజ్రాయెల్ బరాక్ క్షిపణులు పెట్టారు. సోమాలియా పక్కనున్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో సముద్రపు దొంగల మీద కాపలా కాసింది. 2015 డిసెంబర్ 23న రిటైరైంది. అదే డిజైన్‌తో కట్టిన చెల్లెళ్లు గంగ 2018లో, గోమతి 2022లో...

[మళ్లీ కూత. స్టవ్ వైపు పరుగు.]

నీలగిరి అని రాయండి, మార్కులు రాకపోతే నన్ను పిలవండి!