ఇంటి అడ్రసు మరిచేదాకా ఆగొద్దు

శ్రోతలకు నమస్కారం.

ముప్పై ఏళ్లు దాటినవాళ్ల ఆరోగ్య వివరాలు రాసుకోవడానికి ఆశా కార్యకర్త ఇంటికి ఒక ఫారం తెస్తుంది. అందులో అరవై దాటినవాళ్లకు విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. అయినవాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మరిచిపోతున్నారా అన్నది వాటిలో ఒకటి. డిమెన్షియా గురించి, అంటే జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా తగ్గిపోయే మెదడు జబ్బు గురించి, ప్రభుత్వమే మన గడప దాకా పంపిన ప్రశ్న అది. ఉన్నందుకు సంతోషమే. కానీ కన్నబిడ్డ పేరు కోసం తడుముకునే సరికి జబ్బు మొదలై ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

మొదట్లో కనిపించేవి వేరు. రోజూ పెట్టే పులుసులోనే ఉప్పు రెండుసార్లు పడుతుంది. పింఛను డబ్బులు లెక్కపెట్టబోయి తికమకపడతారు. పొద్దున వేసుకున్న బీపీ మాత్ర మళ్లీ వేసుకుంటారు. అడిగిందే గంటలో నాలుగుసార్లు అడుగుతారు. ఇంట్లోవాళ్లు చాదస్తం అని సరిపెట్టుకుంటారు. పెద్దాయన్ని అడిగితే "నాకేం, నిక్షేపంగా ఉన్నా" అంటారు. తన మరపు తనకు తెలియకపోవడం కూడా ఈ జబ్బులో ఉంటుంది. అందుకని కూతుర్నో కోడల్నో, దగ్గరుండి చూసుకునేవాళ్లెవరైతే వాళ్లను, ఏడాదిగా ఏం మారిందని అడగాలి. ఆ ఫారంలో నాలుగు ప్రశ్నలు మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అనుమానం వచ్చాక ఎక్కడికి పంపాలన్నదే అసలు చిక్కు. పీహెచ్‌సీలోనే రక్తం తీసి బి12, థైరాయిడ్, సోడియం పరీక్షలకు పంపాలి. ఈమధ్య పడి తలకు దెబ్బ తగిలిందా, దిగులుగా ఉంటున్నారా, నిద్రమాత్రలు, జలుబు మాత్రలు వాడుతున్నారా అని కనుక్కోవాలి. వీటివల్ల వచ్చిన మతిమరుపును చాలాసార్లు తగ్గించవచ్చు. రెండు మూడు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే మాత్రం అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటిది కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ తర్వాత జ్ఞాపకశక్తి పరీక్ష. వాక్యం రాయండి, బొమ్మ చూసి గీయండి అంటే బడి మొహం చూడని కూలీకి జబ్బు లేకపోయినా మార్కులు తగ్గుతాయి. రిటైరైన టీచరు జబ్బున్నా గట్టెక్కేస్తారు. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ తెలుగుతో సహా అయిదు భాషల్లో పరీక్షలు తయారు చేయించింది. అవి జిల్లా ఆసుపత్రి ఓపీకి రావాలి, చేసేవాళ్లకు శిక్షణ ఇవ్వాలి.

పరిశోధన మన మధ్య జరిగితే ఏం తెలుస్తుందో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి చూపించింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇలాంటి పని ఒక్క హైదరాబాద్‌తో ఆగకూడదు. కర్నూలుకూ, ఆదిలాబాద్‌కూ నిధులు వెళ్లాలి.

దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. డెబ్బై దాటినవాళ్లకిచ్చే ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. ఈ జబ్బు భారమంతా ఇంట్లోనే. రాత్రిళ్లు కాపలా కాయాలి, స్నానం చేయించాలి, అందుకోసం ఒకరు కూలి మానుకోవాలి. కేరళ 2014లోనే డిమెన్షియాకు రాష్ట్ర కార్యక్రమం మొదలుపెట్టి సంరక్షణ కేంద్రాలు తెరిచింది. మన రెండు రాష్ట్రాల్లోనూ కనీసం జిల్లాకొక పగటి సంరక్షణ కేంద్రం కావాలి. దానికయ్యే ఖర్చు ఆరోగ్య బడ్జెట్‌లో విడి పద్దుగా కనిపించాలి.