ఈసీ దగ్గర ఆగిపోకండి

శ్రోతలందరికీ నమస్కారం.

మీ నాన్నమ్మ పుట్టింటి ఇంటిపేరు మీకు తెలుసా? తెలిసే ఉంటుంది. మరి ఆవిడ అత్తగారి పుట్టింటి ఇంటిపేరు? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మగవాళ్ల వరస మాత్రం నాలుగైదు తరాలు తడుముకోకుండా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆడవాళ్లకు వచ్చేసరికి, తద్దినం పెట్టే ఇళ్లలో కూడా పేరు చెప్తారు గానీ అది అత్తింటి గోత్రంతోనే. ఆవిడ ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి కూతురు, అన్నదమ్ములు ఎందరు అన్నవి మూడో తరానికే పోతాయి. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. మన కుటుంబ చరిత్రలో సగం మంది అలా జారిపోతున్నారు.

అలా పోయిన సగం ఎక్కడ దొరుకుతుందో ఈ పూట చెప్తాను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరుకుతుంది. అవును, మనం స్థలం కొన్నప్పుడు తప్ప గుమ్మం తొక్కని ఆఫీసులోనే.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మాది రేపల్లె ప్రాంతం. మా నాన్నమ్మ అత్తగారి గురించి మా ఇంట్లో మిగిలింది ఒక్క మాట: పెనుమూడి రేవు దాటి వచ్చింది. అంతే. కృష్ణ అవతల, దివి వైపు నుంచి వచ్చిందన్నమాట. ఇప్పుడైతే పెనుమూడి, పులిగడ్డ మధ్య వంతెన ఉంది, బస్సులో ఇట్టే దాటేస్తాం. ఆ రోజుల్లో పడవే. అవతల ఏ ఊరు, ఏ ఇంటిపేరు అంటే ఎవరూ చెప్పలేకపోయారు, తెలిసినవాళ్లంతా అప్పటికే పోయారు.

అయితే మా ఊళ్లో ఒక పొలాన్ని మా పెద్దవాళ్లు ఇప్పటికీ పసుపు కుంకుమ చేను అంటారు, అంటే ఆడపిల్లకి పుట్టింటివాళ్లు పెళ్లిలో ఇచ్చిన చేను. అది మా చేతిలో లేదు, ఎప్పుడో అమ్మేశారు. కొన్నవాళ్ల మనవడు ఊళ్లోనే ఉన్నాడు, మా నాన్న వరసకి బాబాయి అవుతాడు. పాస్ బుక్ చూసి సర్వే నెంబరు చెప్పమంటే, ఆయన ఏ అనుమానమూ పెట్టుకోకుండా చెప్పాడు. ఆ నెంబరు పట్టుకుని ఈసీకి పెట్టాం. ఈసీ అంటే మీకు తెలుసు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ భూమి మీద ఏయే సంవత్సరాల్లో ఏయే దస్తావేజులు రిజిస్టరు అయ్యాయో చూపించే కాగితం. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి ఉన్నవి కంప్యూటర్లో వస్తాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పుస్తకాలు వెతికించాల్సిందే, దానికి వేరే రుసుము ఉంటుంది, కాస్త ఓపికా కావాలి.

ఈసీలో 1950ల మొదట్లో జరిగిన అమ్మకం ఒకటి కనపడింది. అమ్మినావిడ పేరు మా నాన్నమ్మ అత్తగారిది. పేరు పక్కన భర్త పేరు ఉంది, అత్తింటి ఇంటిపేరు ఉంది. కొన్నవాళ్ల పేరు, తేదీ, దస్తావేజు నెంబరు, అంతే. మాకు తెలియనిది అందులో ఒక్కటీ లేదు. చాలామంది ఇక్కడే, లాభం లేదని వెనక్కి వచ్చేస్తారు.

అక్కడ ఆగకండి. ఆ దస్తావేజు నెంబరుతో నకలుకి పెట్టండి. సర్టిఫైడ్ కాపీ. దస్తావేజు నెంబరు, సంవత్సరం, ఏ ఆఫీసులో రిజిస్టరు అయిందో తెలిస్తే చాలు.

మేం పెట్టాం, నకలు వచ్చింది. అమ్మకం కాగితంలో ఎంతకి అమ్మారన్నదొక్కటే ఉండదు, ఆ భూమి అమ్మేవాళ్లకి ఎలా వచ్చిందో కూడా రాస్తారు. అక్కడ మా ముత్తవ్వ చెప్పించి రాయించింది: ఈ భూమి తన పెళ్లినాడు తన తండ్రి పసుపు కుంకుమల కింద దఖలు పరిచినదనీ, ఆ దఖలు దస్తావేజు నెంబరు ఫలానా అనీ, ఇప్పుడు తన కూతురి పెళ్లి ఖర్చుల నిమిత్తం అమ్ముతున్నాననీ. ఆవిడకు సంతకం రాదు, చివర నిశాని ఉంది. తన పెళ్లికి వచ్చిన చేను కూతురి పెళ్లికి అమ్మిందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ గురించి మా వాళ్లు ఎన్నో చెప్పేవారు గానీ ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఇక రెండో నెంబరు దొరికింది కదా. మళ్లీ నకలుకి పెట్టాం. అది అంతకు ముప్పై ఏళ్లకు పైగా పాతది, వెతకడానికి చాలా రోజులే పట్టింది, ఈలోగా పుస్తకం చెదలు తినేసి ఉంటుందేమోనని నాకు ఒకటే టెన్షన్. దొరికింది. మొదటి వాక్యంలోనే అన్నీ ఉన్నాయి: రాసిచ్చిన తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు, కులం, వృత్తి వ్యవసాయం, కృష్ణా జిల్లా దివి తాలూకాలో ఊరు. కూతురు అప్పటికి మైనరు, సంరక్షకుడిగా మామగారి పేరు. ఎకరం ఇరవై సెంట్లు, అల్లుడి ఊళ్లో కొని ఇచ్చాడు.

హద్దులు చదువుతుంటే నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. తూర్పు హద్దు వియ్యంకుడి చేను. అంటే ఆయన రేవు దాటి వచ్చి, ఎక్కడ పడితే అక్కడ కాకుండా, సరిగ్గా అత్తవారి గట్టు పక్కనే కూతురికి చేను కొన్నాడు. ఇది నా ఊహే అనుకోండి, కానీ పడవ ఎక్కి ఊరు వదిలిపోయే చిన్నపిల్లకి అంతకంటే ఆలోచించి ఎవరు ఇవ్వగలరు?

ఇంకా సాక్షులు. సాక్షుల పేర్లు చాలామంది చదవరు, దయచేసి చదవండి. పాత రోజుల్లో సాక్షి సంతకానికి దారినపోయేవాళ్లని పిలిచేవాళ్లు కాదు, అన్ననో తమ్ముడినో బావమరిదినో వెంటబెట్టుకొచ్చేవాళ్లు. ఈ దస్తావేజులో ఇద్దరు సాక్షులది దివి ఊరే, ఒకరిది రాసిచ్చినాయన ఇంటిపేరే, తండ్రి పేరూ ఆయన తండ్రిదే. అంటే పెళ్లికూతురి బాబాయో పెదనాన్నో. ఒక్క కాగితంతో ఆవిడకు తండ్రి, తాత, తండ్రి తోడబుట్టినవాడు, ఊరు, ఇంటిపేరు, అన్నీ తిరిగొచ్చాయి. ఆ ఇంటిపేరు పట్టుకుని ఆ ఊరు వెళ్తే వాళ్ల మునిమనవలు ఉన్నారు. ఏటి అవతలికి ఒక ఆడపిల్లని ఇచ్చామని వాళ్లకీ తెలుసు, ఎవరికి ఇచ్చారన్నదే తెలియదు.

ఈ పుస్తకాలు మనకు చూపిస్తారా అని అడుగుతారు. చూపిస్తారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనీ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. సూచిక ఒకటి పేర్లతో ఉంటుంది, రాసిచ్చినవాళ్లవీ రాయించుకున్నవాళ్లవీ. ఇంకొకటి ఆస్తి వివరాలతో ఉంటుంది. సర్వే నెంబరు తెలియనివాళ్లు పేర్ల సూచిక అడగండి. వీలునామాలు మూడో పుస్తకంలోకి వెళ్తాయి, అవి రాసినవాళ్లు బతికుండగా ఇతరులకు ఇవ్వరు, పోయిన తరవాత అడిగినవాళ్లకు ఇస్తారు. వీలునామాలో పెళ్లయిపోయిన కూతుళ్ల పేర్లు వాళ్ల అత్తింటి ఊళ్లతో సహా దొరుకుతాయి, వదలకండి.

జిల్లాల విషయంలో ఒక మాట. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, అంతకు ముందు మా రేపల్లె కృష్ణా జిల్లాలోది, 2022 నుంచి బాపట్ల జిల్లాలోది. కాబట్టి కాగితం తేదీని బట్టి జిల్లా పేరు మారుతుంది, పాత వాల్యూములు మీ దగ్గరి ఆఫీసులో లేకపోతే జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో అడగాలి. ఇంకో చిక్కు, మనం తాత పేరు మనవడికి పెడతాం. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, కానీ యాభై ఏళ్ల తేడా. తండ్రి పేరు కలిస్తేనే మనవాడని అనుకోండి.

తెలంగాణ శ్రోతలకు భూమి వైపు నుంచి మొదలుపెట్టడానికి 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి చేతిలో ఉందో రాసిన రికార్డు, మంచి మెట్టు, దానికంటే వెనక్కి సేత్వార్ అనే పాత సర్వే రికార్డు ఉంది, ఉర్దూ చదివేవాళ్లని వెంట తీసుకెళ్లండి.

మరి భూమే లేనివాళ్ల సంగతి? ఇది నిజమైన ప్రశ్న, దస్తావేజులు భూమి ఉన్నవాళ్ల గురించే ఎక్కువ మాట్లాడతాయి. ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టరు చూడండి, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. కుమ్మరి, కమ్మరి, చాకలి, మంగలి, వెట్టి, అర్చకత్వం, ఏ పనికైనా మీ వాళ్లకు సర్వీసు ఇనాం, అంటే ఊరికి చేసే పనికి బదులుగా ఇచ్చిన భూమి, ఉండేదని విన్నారా? కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అంటే ఆ ఇనాం భూములన్నీ ఎక్కించిన పుస్తకం, అడగండి. అందులో అప్పటి అనుభవదారు పేరే కాదు, అది వంశంలో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కూడా రాసి ఉంటుంది. ఊళ్లో కరణంగారి దగ్గర ఉండేవి కదా అని వెళ్లకండి, 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, ఇప్పుడు తహసీల్దారు ఆఫీసులోనో కలెక్టరేట్ రికార్డు రూములోనో అడగాలి.

రేపు వెళ్లేవాళ్లు ఒక తెల్లకాగితం మీద ఇవి రాసుకుని వెళ్లండి: ఆవిడ పేరు, భర్త పేరు, మామగారి పేరు, ఊరు, సుమారు సంవత్సరాలు, సర్వే నెంబరు తెలిస్తే అదీ. ఈసీ రాగానే అందులో ఉన్న ప్రతి దస్తావేజు నెంబరుకీ, పాతవాటితో మొదలుపెట్టి, నకలుకి దరఖాస్తు పెట్టండి. నకలులో ముందు భూమి ఎలా వచ్చిందో రాసిన పేరా చదవండి, తరవాత హద్దులు, తరవాత సాక్షులు. అక్కడ ఇంకో పాత నెంబరు కనిపిస్తే మళ్లీ దానికి పెట్టండి.

సెలవు. నమస్కారం.