నిశ్చితార్థపు ఉంగరానికి కెంపు

శ్రోతలకు నమస్కారం. నిశ్చితార్థానికో పెళ్లికో ఉంగరం కొనదలచినవారి ఆలోచన చాలాసార్లు వజ్రం దగ్గరే ఆగిపోతుంది. కాబోయే దంపతులకు ఎరుపు ఇష్టమైతే కెంపును ఎంచుకోవడంలో ఏ లోటూ లేదు. రోజూ వేలికి ఉంచుకోదగిన రంగురాళ్లలో, నీలాన్ని మినహాయిస్తే, కెంపుకు సాటి వచ్చేది మరొకటి లేదని నా నమ్మకం. అయితే దీనిని కొనేటప్పుడు రాయి ఎంత పెద్దదని అడగడానికి ముందు, ఈ రాయికి ఇంతవరకు ఏం చేశారని అడగాలి. ఎందుకు అడగాలో చెప్పడమే ఈ ప్రసంగంలో నా ముఖ్యోద్దేశం.

కెంపు కొరండం అనే ఖనిజానికి చెందినది. కొరండం అంటే అల్యూమినియం ఆక్సైడ్. స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే ఉండదు. అందులో కొద్దిపాటి క్రోమియం చేరితే కెంపు, ఇనుమూ టైటానియమూ కలిసి చేరితే నీలం ఏర్పడతాయి. మోస్ కాఠిన్య కొలమానంలో వజ్రానిది 10 అయితే కెంపుది 9. మన చుట్టూ ఉండే దుమ్ములోని క్వార్ట్జ్ రేణువుల కాఠిన్యం 7 కాబట్టి, ఏళ్ల తరబడి ధరించినా దుమ్ము రాపిడికి కెంపు మీద గీతలు పడవు. గట్టిదనానికి లోటు లేదు కనుక, చూడవలసింది రంగును, రాయి లోపలి స్థితిని.

మంచి కెంపు రంగు నిండుగా ఉండాలి, అలాగని నల్లబడకూడదు. అంగడిలోని పసుపుపచ్చ దీపాల కింద ప్రతి కెంపూ అందంగానే కనిపిస్తుంది కాబట్టి, రాయిని పగటి వెలుతురులోకి తెచ్చి చూపమని అడగడానికి మొహమాటపడవద్దు. నీడపట్టున నిలబడి చూసినప్పుడు కూడా ఎరుపు నిలిస్తే అది మంచి రంగే. బర్మాలోని మోగోక్ ప్రాంతపు కెంపుల్లో ఇనుము తక్కువగా ఉండడం వల్ల, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అవి లోపలినుంచి కూడా ఎర్రగా ప్రకాశిస్తాయి. వాటికి అంత పేరు రావడానికి ఇదొక కారణం. అయితే 2009లో మొజాంబిక్‌లోని మాంటెప్వెజ్ దగ్గర బయటపడిన నిక్షేపాల నుంచి కూడా మేలైన రాళ్లు వస్తున్నాయి. కంటికి నచ్చిన రంగును వదులుకుని కేవలం ఊరి పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం ఉంగరానికి అవసరమని నేను అనుకోను.

ఇక అసలు సంగతికి వస్తాను. విపణిలో దొరికే కెంపుల్లో అధికభాగం కొలిమిలో వేడి చేసినవే. అధిక ఉష్ణోగ్రత వద్ద రాయిలోని ఊదా ఛాయ, పొగమంచులాంటి మసక తగ్గి, రంగు తేటపడుతుంది. ఈ మార్పు శాశ్వతమైనది, వ్యాపారంలో అందరూ ఒప్పుకున్నది. అసలేమీ చేయని రాయి అరుదు కాబట్టి దాని ధర చాలా ఎక్కువ. చిక్కంతా 2004 ప్రాంతంలో విరివిగా రావడం మొదలైన మరో రకంతో ఉంది. నిండా పగుళ్లున్న నాసిరకం కొరండాన్ని తీసుకుని, ఆ పగుళ్లలోకి సీసం కలిసిన గాజును కరిగించి ఎక్కిస్తే, పనికిరాని రాయి కాస్తా చూడడానికి తళతళలాడే పెద్ద కెంపుగా మారుతుంది. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద ఆ రాయిని మెల్లగా అటూ ఇటూ తిప్పితే, పగుళ్ల వెంట నీలిరంగు మెరుపులూ గాజులో చిక్కుకున్న గాలిబుడగలూ కనిపిస్తాయి. ఉంగరాన్ని సరిచేయడానికి పనివాడు మంట చూపినా, నిమ్మరసంలాంటి పులుపు తగిలినా ఆ గాజు దెబ్బతిని, రాయి మీద తెల్లటి గీతలు తేలుతాయి. జీవితాంతం ఉండాలని కొనే ఉంగరంలో ఇలాంటి రాయికి చోటు ఉండకూడదని నేను గట్టిగా చెబుతాను.

ప్రయోగశాలలో తయారైన కెంపు సంగతి వేరు. కరిగిన అల్యూమినియం ఆక్సైడ్ నుంచి కెంపును పెంచే పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నూయి 1902లో ప్రకటించాడు. దాని రసాయన నిర్మాణం, కాఠిన్యం సహజమైన కెంపువే. ప్రయోగశాలలో తయారైనదని చెప్పి అమ్మితే తక్కువ ఖర్చులో అది మంచి ఎంపికే. ఈ పద్ధతి వచ్చి వందేళ్లు దాటింది కాబట్టి, పాత ఉంగరంలో ఉన్నంత మాత్రాన రాయి సహజమైనదని అనుకోవడానికి వీల్లేదు. ఇక, కళ్లు ఎంత మోసపోగలవో చెప్పడానికి బ్రిటిష్ రాచకిరీటం ముందుభాగంలోని ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ ఒక్కటి చాలు: అది కెంపు కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. అందుచేత చెప్పుకోదగ్గ మొత్తం వెచ్చించేటప్పుడు, అమ్మకందారుతో సంబంధం లేని రత్నపరీక్షా కేంద్రం ఇచ్చిన నివేదిక తప్పక ఉండాలి.

పరిమాణం విషయంలో ఒక మాట. కెంపు వజ్రం కంటే సాంద్రమైనది కనుక, ఒకే క్యారెట్ బరువున్న రెండింటిలో కెంపే చిన్నదిగా కనిపిస్తుంది. బరువు కంటే మిల్లీమీటర్లలో కొలత చూసుకోవడం మంచిది. సాన పట్టడంలో లోతు తక్కువైతే రాయి నడిమధ్య రంగు వెలిసినట్లు అవుతుంది. అచ్చు కాగితం మీద రాయిని బోర్లించకుండా పెట్టి, పైనుంచి చూసినప్పుడు కింది అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే ఆ రాయిని పక్కన పెట్టండి.

పసుపు బంగారం ఎరుపుకు వెచ్చదనాన్నిస్తుంది, ప్లాటినం రంగును విడిగా ఎత్తి చూపుతుంది. అది అభిరుచికి సంబంధించినది. చేతిపని ఎక్కువగా చేసేవారికి మాత్రం, సన్నని కొక్కేలతో ఎత్తుగా నిలిపిన రాయి కంటే చుట్టూ లోహపు అంచు కట్టి పొదిగిన రాయి క్షేమం. నిశ్చితార్థపు ఉంగరం, పెళ్లి ఉంగరం ఒకే వేలికి ఉంచుకోదలిస్తే, రెండింటినీ కలిపి తొడిగి చూసిన తరువాతే రెండోదాన్ని ఖాయం చేసుకోవాలి. ఒక ఉంగరంలోని వజ్రాలు పక్క ఉంగరంలోని కెంపును గీయగలవు. చుట్టూతా రాళ్లు పొదిగిన ఉంగరాన్ని తరువాత పెద్దది చేయించడం కష్టం. వేళ్లు పొద్దున కంటే సాయంత్రం కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలత సాయంత్రం ఇవ్వడం మేలు.

డబ్బు చెల్లించేటప్పుడు రసీదు మీద ‘కెంపు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. రాయి సహజమైనదా, ప్రయోగశాలలో తయారైనదా, వేడి చేశారా, గాజు నింపారా, బరువెంత అన్న వివరాలన్నీ అమ్మకందారు చేత స్పష్టంగా రాయించుకోండి. నిజాయితీగా అమ్మేవారు ఇందుకు వెనుకాడరు. వెనుకాడితే మరొక అంగడికి వెళ్లండి.