గుండెల్లో రైళ్లు, కడుపులో ఎలుకలు: ఆఖరి నిమిషం సందేహానికీ కంగారుకీ మన మాటలు

[దృశ్యం: విశాఖ దగ్గర సింహాచలం కొండ దిగువ, తొలిపావంచా, అంటే మొదటి మెట్టు. గిరి ప్రదక్షిణ రోజు. చుట్టూ కొబ్బరికాయలు కొడుతున్నారు. చేతిలో కాయతో ఒకావిడ ఆగిపోయింది.]

"ఒదినా, 32 కిలోమీటర్లు... నడవగలనంటావా?"

"ఇంతవరకూ వచ్చీసి ఇప్పుడు తటపటాయిస్తావేటి? కాయ కొట్టీ, పద."

వ్యాఖ్య: తటపటాయించడం. ఆవిడకి చెమటలు పట్టలేదు, కాళ్లు వణకడం లేదు. వెళ్లాలనీ ఉంది, వద్దనీ అనిపిస్తోంది. కాయ మాత్రం చేతిలోంచి కదలడం లేదు. మనసు ఇలా అటూ ఇటూ కొట్టుకుంటున్నప్పుడు సరిగ్గా అతికే మాట ఇదే. ఊగిసలాట, గుంజాటన, వెనకాముందాడడం దీనికి దగ్గరి చుట్టాలు. డోలాయమానం కూడా అదే, డోల అంటే ఉయ్యాల. అది వ్యాసంలో ఒప్పుతుంది కానీ ఆటో ఎక్కబోతూ ఎవరూ అనరు.

జంకు వేరు. అందులో భయం పాలు ఉంది, ఎదుటి మనిషి పెద్దరికం ఉంది. పై అధికారి గదిలోకి వెళ్లడానికి జంకుతాం. బెరుకు మళ్లీ వేరు. అది కొత్త వల్ల వస్తుంది, అలవాటైతే పోతుంది. "కొత్త పిల్ల కదా, బెరుకు పోతే తనే మాట్లాడుతుంది" అంటాం. అక్కడ జంకు అని పెడితే ఆ పిల్లని ఎవరో భయపెట్టారన్న అర్థం వస్తుంది.

[తెర మీద: మీనమేషాలు లెక్కపెట్టడం]

మీనం రాశుల్లో చివరిది, మేషం మొదటిది. ముహూర్తం చూసుకుంటూ కూర్చుంటే పని జరగదన్న విసుగు ఈ జాతీయంలో ఉంది. అందుకే ఇది ఎక్కువగా ఎదుటివాళ్ల మీద విసిరే మాట. "ఇంకా మీనమేషాలు లెక్కపెడతారేంటి, సంతకం పెట్టండి" అంటారు. నిజంగా భయపడుతున్న మనిషిని ఇలా అంటే నొచ్చుకుంటారు.

ఇక్కడే కొన్ని తప్పులు దొర్లుతుంటాయి. ఎటూ తేల్చుకోలేని వాణ్ని గోడ మీద పిల్లి అంటున్నారు. అది పొరపాటు. గోడ మీద పిల్లికి సందేహం లేదు, ఎటు లాభం ఉంటే అటు దూకడానికి సిద్ధంగా ఉంది. అంటే అవకాశవాది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇద్దరి మధ్య నలిగేవాడు, అమ్మ ఒకటీ ఆలి ఒకటీ అంటుంటే మధ్యలో ఉన్నవాడు. నిలకడ లేక వరండాలో అటూ ఇటూ తిరిగే మనిషికి ఇంకో పిల్లి ఉంది, కాలు కాలిన పిల్లి. ఆపరేషన్ థియేటర్ బయట కనిపించేది అదే.

[దృశ్యం: విశాఖ కళాభారతి ఆడిటోరియం, తెర వెనక. మొదటిసారి పాడబోతున్న అమ్మాయి. కెమెరా ఆమె చేతుల మీద.]

వ్యాఖ్య: ఇక ఒంటి సంగతి. చూడండి, పైట కొంగు వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. మంచినీళ్లు తాగి నిమిషం కాలేదు, నాలుక అప్పుడే పిడచకట్టింది. భయంలో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. లాలాజలం తగ్గి నోరెండుతుంది. మన జాతీయాలు వీటినే పట్టుకున్నాయి. సభ ముందు కలిగే ఈ వణుక్కి సభాకంపం అని చక్కటి పేరుంది. అందరూ వాడుకోవాల్సిన మాట.

గుండె మాటల్లో తేడా కాలానిది. గుండె దడదడలాడడం, గుండెల్లో రైళ్లు పరిగెత్తడం కొంతసేపు సాగేవి. ఫలితాలు వచ్చేదాకా రైళ్లు నడుస్తూనే ఉంటాయి. గుండె గుభేలుమనడం ఒక్క క్షణం, హాల్‌టికెట్ ఇంట్లో మరిచిపోయామని మద్దిలపాలెంలో గుర్తొచ్చిన ఆ క్షణం. "పొద్దుట్నుంచీ గుభేలుమంటోంది" అనడం కుదరదు. గుండె జారిపోయిందంటే ధైర్యం పోయినట్టే.

చేతులు పట్టుతప్పి కప్పు జారితే తత్తరపాటు. మాట తొట్రిల్లితే తడబాటు. ఏం చెయ్యాలో తోచక పనే ఆగిపోతే కాలూ చెయ్యీ ఆడటం లేదంటాం.

ఒక జాగ్రత్త. ఇంట్లో పెద్దవాళ్లు "గుండె దడగా ఉంది, గాభరాగా ఉంది" అంటే కంగారనుకుని వదిలేయకండి. మన దగ్గర ఆ మాట నలతకీ వాడతారు. ఛాతీలో నొప్పి, ఆయాసం కూడా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

[తెర మీద: కడుపులో సీతాకోకచిలుకలు]

ఇంగ్లీషు సినిమాల డబ్బింగులో కంగారుకి ఈ మాట వినిపిస్తే మనసు చివుక్కుమంటుంది. మన కడుపులో పరిగెత్తేవి ఎలుకలు, అదీ ఆకలేసినప్పుడు. భయానికైతే కడుపులో దేవుతుంది, తిప్పుతుంది. అలాగే రాస్తే ఎంత బాగుంటుంది!

ఇప్పుడు క్రియలు. భయం వేస్తుంది. దడ పుడుతుంది. గుబులు పుడుతుంది. చెమటలు పడతాయి. ఇవి మన ప్రమేయం లేకుండా మనకి జరిగేవి. "నాకు భయం వేసింది" అంటాం, ఇక్కడ నేను కర్తని కాదు. కంగారు పడతాం, భయపడతాం, బెంగ పెట్టుకుంటాం. వీటిలో మనమే కర్త. ఓదార్చేటప్పుడు ఈ తేడా అక్కరకొస్తుంది. "దడ పుట్టకు", "భయం వేయకు" అనే వాక్యాలు తెలుగులో లేవు. మనిషి చేతిలో ఉన్నదాన్నే వద్దనగలం.

[దృశ్యం: మళ్లీ తెర వెనక. పిన్ని వచ్చి అమ్మాయి వేలికి చుట్టుకున్న కొంగు విప్పుతుంది.]

"కంగారు పడకమ్మా. నిబ్బరంగా పాడు. మొదటి చరణం దాటితే బెరుకు అదే పోతాది."