దున్నని చేలో గడ్డి ఎప్పుడు చివకాలి?

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మేడల మీద కంపోస్టు డబ్బాలు ఇప్పుడు మామూలే. కూరగాయల తొక్కలు మాత్రమే వేస్తే నీరు కారి కంపు కొడుతుంది. ఎండుటాకులు మాత్రమే వేస్తే నెలలు గడిచినా అలాగే గలగలమంటాయి. రెండూ కలిపితేనే ఎరువవుతుంది. దున్నని సేద్యంలోనూ ఇదే లెక్క. డబ్బా బదులు చేను, అంతే.

దున్నితే కొయ్యకాళ్లు మట్టిలో కలిసి త్వరగా చివికిపోతాయి. దున్నకపోతే గడ్డి పైనే ఉంటుంది. దానికి మట్టి అంటదు, తడి నిలవదు, సూక్ష్మజీవులు అందుకోలేవు. గుంటూరు వైపు వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న పెడతారు. గడ్డి మందంగా ఉంటే విత్తనం మట్టిని తాకుతుందో లేదోనని టెన్షన్. అగ్గిపుల్ల గీద్దామన్న బుద్ధి పుట్టేది అక్కడే.

మరి రెండు పంటల నడుమ అలసంద, జనుము, పిల్లిపెసర లాంటి ఆచ్ఛాదన పంట, అంటే నేలను కప్పి ఉంచడానికి వేసే పంట, వేస్తే?

మా మేడ మీద రెండు తొట్లలో రాగి గడ్డి పరిచి, ఒకదానిలో అలసందలు చల్లాను. తీగలు కమ్ముకున్నాక గడ్డి ఎత్తి చూశాను. అలసంద నీడలో ఉన్న గడ్డి నల్లబడి, తెల్లటి బూజు దారాలు పట్టి, వేళ్ల మధ్య పుటుక్కున తెగింది. ఖాళీ తొట్టిలోది ఎండకు తీగలా బిరుసెక్కింది. రెండు తొట్లతో శాస్త్రం తేలదు లెండి, కానీ నీడ, తడి చేసే పని కళ్లారా కనిపించింది.

అసలు కథ నత్రజనిది. సూక్ష్మజీవుల ఆహారంలో ఒక పాలు నత్రజనికి 24 పాళ్ల కర్బనం ఉంటే వాటికి సరిపోతుంది. గోధుమ గడ్డిలో కర్బనం 80 పాళ్ల దాకా ఉంటుంది. అది తినాలంటే అవి మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, మన పైరు పసుపుబారుతుంది. లేత పప్పుజాతి మొక్కల్లో కర్బనం 11 నుంచి 17 పాళ్లే. వాటిని కోసి గడ్డి మీద పరిస్తే ఆ కొరత కొంత తీరుతుంది.

అలాగని ఏ పంటైనా చివకడాన్ని తొందర చేస్తుందనుకోవద్దు. అమెరికా రైతులు చలికాలంలో వేసే రై అనే గోధుమ లాంటి పైరులో పూతకొచ్చేసరికి కర్బనం 37 పాళ్లకు చేరుతుంది. ఆ పైరు నిదానంగా చివుకుతూ కలుపును అణచిపెడుతుంది. వాళ్లకు కావలసింది చాలాసార్లు అదే. మన జనుమునే చూడండి. పూతకొచ్చే వేళ కోస్తే మెత్తగా చివుకుతుంది. ముదరనిస్తే తాళ్లు పేనే నార! మొక్క ఒక్కటే, కోసే రోజే వేరు. రైతులకు సలహా చెప్పేవాళ్లు ఎకరాకు ఎన్ని కిలోలన్నది చెప్పినంత గట్టిగా ఎప్పుడు కోయాలో చెప్పరు.

కోలారు, చిక్కబళ్లాపురం వైపు ఇంకో చిక్కుంది. రాగి గడ్డి అంటే పశువుల మేత. చేలో వదిలేయమంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. గడ్డి ఆవుకు పోనివ్వండి. ఏప్రిల్, మే వానలకు అలసందలో ఉలవలో చల్లి, జూలైలో రాగి విత్తే ముందు కోసి, మిగిలిన మోళ్ల మీద పరవండి.

సెలవు.