ఫ్లో రివ్యూ: ఒక్క డైలాగ్ కూడా లేని సినిమా

అందరికీ నమస్కారం. ఈరోజు ఫ్లో గురించి మాట్లాడుకుందాం. యూరప్‌లోని లాత్వియా దేశానికి చెందిన దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన యానిమేషన్ సినిమా. 2025లో ఆస్కార్ గెలిచింది. లాత్వియాకి అదే మొదటి ఆస్కార్.

కథ చిన్నదే. మనుషులెవరూ కనిపించని లోకంలో వరద ముంచుకొస్తుంది. ముదురు బూడిదరంగు పిల్లి ఒకటి ప్రాణాలు దక్కించుకోవడానికి పడవ ఎక్కుతుంది. తోడుగా ఒక కేపిబారా (ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువు), కుక్క, కోతిలాంటి లెమూర్, పొడుగు కాళ్ల పక్షి. ఒక్కటి కూడా మాట్లాడదు.

ఆ పిల్లిని చూడండి. దూకే ముందు ఎంత దూరమో కళ్లతోనే కొలుచుకుంటుంది. బెదిరితే చెవులు వెనక్కి వాలిపోతాయి, కంటిపాపలు పెద్దవవుతాయి. అచ్చం మన ఇంటి పిల్లే! లెమూర్ దగ్గర ఒక చేతి అద్దం ఉంటుంది. దాని మీద ఎండ పడి వెలుగు చుక్క పడవలో అటూ ఇటూ కదులుతుంటే, చుట్టూ అంత నీళ్లున్నా పిల్లి దాని వెంటే పడుతుంది. ఆ సీన్ వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

దీన్ని బ్లెండర్‌లో చేశారు. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోగలిగే సాఫ్ట్‌వేర్ అది. పెద్ద స్టూడియోల్లో ఒక్క ఫ్రేమ్ రెండర్ కావడానికే, అంటే కంప్యూటర్ ఒక్క బొమ్మను పూర్తిగా తయారు చేయడానికే, గంటలు పడుతుంది, అందుకోసం వేల ప్రాసెసర్లున్న రెండర్ ఫామ్‌లు పెట్టుకుంటారు. జిల్బలోడిస్ మాత్రం ఫైనల్ ఫ్రేమ్‌లు తన పీసీలోనే రెండర్ చేశారు, ఫ్రేమ్‌కి కొన్ని సెకన్లలో. బడ్జెట్ సుమారు 35 లక్షల యూరోలు, అంటే మన లెక్కలో 30 కోట్ల పైచిలుకు. ఇన్‌సైడ్ ఔట్ 2 లాంటి భారీ సినిమా కూడా అదే ఏడాది ఆస్కార్ పోటీలో ఉంది.

లోపం లేదని చెప్పను. బొచ్చు వెంట్రుక వెంట్రుకగా కనిపించదు, బ్రష్‌తో పూసినట్టుంటుంది. కుక్కల గుంపు వచ్చిన చోట నాకు వీడియో గేమ్ చూస్తున్నట్టే అనిపించింది. కాసేపటికి ఆ సంగతే మర్చిపోయాను. కారణం కెమెరా. స్టోరీబోర్డులు (షాట్లను ముందే గీసుకునే బొమ్మలు) గీసుకోకుండా, త్రీడీలో కట్టిన అడవిలో కెమెరాను తిప్పుకుంటూ షాట్లు వెతుక్కున్నారట. అందుకే కట్ లేకుండా నిమిషాల తరబడి సాగే షాట్లున్నాయి. కెమెరా పిల్లి ఎత్తులోనే పరిగెడుతుంది, అది మునిగితే తనూ మునుగుతుంది. మనకి ఊపిరాడదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. అరుపులు నిజమైన జంతువులవే. కేపిబారా గొంతు మాత్రం ఒంటె పిల్లది!

సబ్‌టైటిల్స్ చదివే పని లేదు కాబట్టి అమ్మమ్మ, మనవడు పక్కపక్కన కూర్చుని హాయిగా చూడొచ్చు. చివర్లో తిమింగలంలాంటి జీవి కనిపించినప్పుడు మాత్రం పిల్లల్ని కాస్త దగ్గరికి తీసుకోండి.